చిల్లుకి కాజా

నడుము నలభై నాలుగు అంగుళాలు.
ఏప్రిల్లో కొలిచినప్పుడు ఊపిరి బిగబట్టి
నలభై రెండు రాసుకోమన్నాడు.
రాసుకున్నాను. గుడ్డ మాత్రం నలభై ఐదుకి కత్తిరించాను.
ఓట్లకైనా కోట్లకైనా
కొంత లోపలికి మడిచి ఉంచుకోవాలని
లైసాండర్ క్రేక్ గారికి నేను చెప్పాలా!

రెండుసార్లు కాంగ్రెసుకి గెలిచిన మనిషి.
ఇల్లినాయ్ దక్షిణపు కొసన, ఒహాయో నది ఒడ్డున మా ఊరు.
సగం ఊరికి చుట్టాలు నది అవతలే.
ఇతను ఏ గట్టున నిలబడతాడా అని
అందరూ ఎదురుచూస్తున్న వారం
పిండిమర ముందు బండెక్కి మూడు గంటలు మాట్లాడాడు.
పొద్దుగూకేసరికి తొమ్మిది వందల మంది పేర్లు రాయించారు.
అది మాత్రం కట్టుకథ కాదు, నేను అక్కడే ఉన్నాను.
నా దగ్గర కాజాలు నేర్చుకుంటున్న ఎనోస్
వేలితొడుగు తీయడం మరిచి
అలాగే సంతకం పెట్టొచ్చాడు.

వాషింగ్టన్ నుంచి కాగితం వచ్చింది:
భుజానికో నక్షత్రం.

అప్పటిదాకా సైన్యమంటే అతనికి
జూలై నాలుగో తేదీ ఊరేగింపు.
మా వీధి జర్మన్ సార్జెంటు ఒకడు,
నాలాగే అక్కడ ఒక తిరుగుబాటు ఓడిపోయి ఓడెక్కినవాడు,
రాత్రుళ్ళు గుడారంలో బఠాణీలు పేర్చి పాఠం చెప్పేవాడట.
"ఇది మీ కుడి పక్క. ఇక్కడ అడవి.
ఇక్కడ మీరు మాట్లాడకూడదు."

మరుసటి ఏడు అక్టోబరు. హోలోవే వాగు.
ఫిరంగులు వెనకెక్కడో బురదలో దిగబడ్డాయి.
ఆగుదాం అన్నాడు సార్జెంటు.
పత్రికవాడు సాయంత్రం స్టీమరుకి వెళ్ళిపోతాడు, అన్నారెవరో.
ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి.
జనరల్ గుర్రమెక్కి గొంతు సవరించుకున్నాడు.

ఆ గొంతు నాకు తెలుసు.
అది వినబడితే నా చేతిలో కత్తెర ఆగిపోయేది.
అవతలి గట్టు వాళ్ళూ విన్నారట.
వాళ్ళ జనరల్‌దీ ఒకప్పుడు అదే సభ,
ఇతని పక్క బెంచీ,
ఇద్దరిదీ ఒకటే పొగాకు డబ్బా.

నలభై నిమిషాలు.
మా వీధిలో పదకొండు ఇళ్ళు.

పదకొండు ఇళ్ళకీ సొంత దస్తూరీతో ఉత్తరాలు రాశాడు.
ఎనోస్ తల్లి నాతో చదివించుకుంది.
మంచి ఉత్తరం.
నేను చదవలేక ఆగినచోట
"ఊఁ, కానీ" అంది ఆవిడ.

ఎన్నికలకి అయిదు రోజుల ముందు
కోటు వచ్చింది, దాని వెనకే మనిషి.
నడుము ముప్పై తొమ్మిది. ఈసారి ఊపిరి బిగబట్టలేదు.
ఎడమ చేతికి, మోచేతి పైన, చిల్లు.
రఫూ చేయనా అన్నాను.
వద్దన్నాడు. కిటికీ వైపు తిరిగి
"పెద్దది కాకుండా చూడు" అన్నాడు.

గుడ్డ నాతో అబద్ధమాడదు.
తూటా అయితే పోయిన దారీ ఉండాలి, వచ్చిన దారీ ఉండాలి.
ఇది ఒక్కటే. అంచు మాడి గోధుమరంగు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
చుట్ట వాసన.

ఏమీ అనలేదు.
పట్టుదారం మైనంలో లాగి
చిల్లు చుట్టూ కాజా కుట్టు వేశాను,
ముడికి ముడి ఆనేట్టు,
ఎనోస్‌కి నేర్పిన కుట్టే.
అతను ముక్కాలి పీట మీద కూర్చునే ఉన్నాడు.
చాలాసేపటికి
"గోట్లీబ్, వాళ్ళు నా మాట నమ్మే వచ్చారు" అన్నాడు.
అడిగాడో చెప్పాడో
ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.
దారం తెంపి కోటు అందించాను.

గెలిచాడు. తర్వాతా గెలిచాడు.
ఇరవై ఏళ్ళుగా వేదికల మీద
ఆ చిల్లులో చిటికెన వేలు దూర్చి చూపిస్తాడు.
జనం టోపీలు తీస్తారు. నేనూ తీస్తాను.
ముందు వరసలో నిలబడి అంచుకేసి చూస్తాను,
ఒక్క పోగు లేవలేదు.

ఆ రోజు పద్దు నా పుస్తకంలో ఇంకా ఉంది:
నడుము బిగింపు, అస్తరు, గుండీలు రెండు.
కాజా ఒకటి.
దాని ఎదురుగా అంకె లేదు.